మనోవర్తి అంకె, అమ్మమ్మ నెల: విడాకుల తర్వాతి జమాఖర్చుపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

వివాహబంధం నుంచి బయటికి వచ్చిన స్త్రీని తెలుగు స్త్రీవాద సాహిత్యం, విమర్శ విస్తృతంగా చర్చించాయి. ఆ చర్చకు కేంద్రంలో ఉన్నది ప్రధానంగా యువతి. వృద్ధ స్త్రీ కనిపించే చోట ఆమె ఎక్కువగా వితంతువు. మనవలు పుట్టిన వయసులో విడాకులు పొందిన స్త్రీ ఈ రెండు పాత్రల నడుమ మరుగున పడింది. ఆమె నెలఖర్చు సవివరంగా నమోదైన చోటు సాహిత్యం కన్నా న్యాయస్థానమే. ఈ వ్యాసం 1985 నాటి షా బానో తీర్పును, 1977 నాటి తులసమ్మ తీర్పును కథనాలుగా చదివి, వాటిని 'ధనత్రయోదశి', 'జానకి విముక్తి', 'స్వేచ్ఛ', 'తన మార్గం' రచనల పక్కన నిలుపుతుంది. తీర్పు మొత్తాన్ని నిర్ణయించి నెలను వదిలేసిందనీ, కథనం నిర్ణయాన్ని చిత్రించి మొత్తాన్ని వదిలేసిందనీ, ఈ రెండు లోపాలకూ మూలం వృద్ధ స్త్రీని పుచ్చుకునే మనిషిగా మాత్రమే చూడటమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మనోవర్తి, జమాఖర్చు, వృద్ధ స్త్రీ, విడాకులు, పుట్టిల్లు, స్త్రీవాద విమర్శ, న్యాయకథనం.

1. ప్రవేశిక

స్త్రీ స్వేచ్ఛను గురించిన చర్చలో ఆర్థిక స్వాతంత్ర్యం అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట సాధారణంగా ఉద్యోగం, జీతం అనే అర్థంలో వాడుకలో ఉంది. చదువుకున్న యువతి విషయంలో ఈ అర్థం సరిపోతుంది. అరవై ఏళ్ల వయసులో భర్త నుంచి విడిపోయిన గృహిణికి అది వర్తించదు. ఆమె నలభై ఏళ్లు చేసిన పనికి జీతం లేదు, పదవీ విరమణ లేదు, పింఛను లేదు. ఆ వయసులో కొత్తగా సంపాదన మొదలుపెట్టే అవకాశం స్వల్పం. కాబట్టి ఆమె విషయంలో ఆర్థిక స్వాతంత్ర్యమంటే ఏమిటన్న ప్రశ్నను వేరుగా వేసుకోవలసి ఉంటుంది.

ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి ఇక్కడ రెండు రకాల పాఠ్యాలను ఎంచుకోవడం జరిగింది. మొదటిది న్యాయస్థానం తీర్పు. దానిలో పాత్రలు, సంఘటనలు, కాలక్రమం, ముగింపు ఉంటాయి. ఏ వివరాన్ని చేర్చాలో, దేన్ని విడిచిపెట్టాలో నిర్ణయించే కథకుడి స్థానంలో న్యాయమూర్తి ఉంటాడు. రెండవది కల్పనా సాహిత్యం. ఈ రెండింటిలోనూ డబ్బు ఎక్కడ ప్రస్తావనకు వస్తుంది, ఎక్కడ మౌనం మొదలవుతుంది అన్నది ఈ పరిశీలనకు ప్రధానాంశం. పాఠ్యంలో డబ్బు ప్రవాహాన్ని అనుసరిస్తూ చదివే ఈ పద్ధతిని వ్యాస సౌలభ్యం కోసం 'జమాఖర్చు పఠనం' అని పిలుచుకోవచ్చు.

2. మనోవర్తి: మాట, పరిధి

విడిపోయిన భార్య పోషణకు భర్త ఇవ్వవలసిన సొమ్మును తెలుగులో మనోవర్తి అంటారు. మనువర్తి అనే రూపాంతరమూ ఉంది. అందులోని 'మను' మనుగడ, మనికి అనే మాటల్లో వినిపించేదే. బతుకుతెరువు అన్నది దాని సారం. మాటకు ఇంత విశాలమైన అర్థం ఉన్నా, చట్టం దానికి ఇచ్చిన పరిధి చిన్నది.

1898 నాటి నేర ప్రక్రియా స్మృతిలోని 488వ సెక్షన్ భార్యకు పోషణ హక్కును గుర్తించింది. విడాకులు పొంది తిరిగి పెళ్లి చేసుకోని స్త్రీని కూడా 'భార్య' అనే నిర్వచనంలో చేర్చింది 1973 నాటి స్మృతిలోని 125వ సెక్షన్. ప్రస్తుతం ఆ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ 2024 జులై 1 నుంచి అమలులో ఉంది. తనను తాను పోషించుకోలేని స్త్రీ మాత్రమే ఈ సెక్షన్ కింద కోరవచ్చు. నిరాశ్రయురాలై వీధిన పడే పరిస్థితి రాకుండా చూడటమే ఈ నిబంధన ఉద్దేశమని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. 1973 స్మృతి ప్రకారం నెలకు 500 రూపాయలకు మించి ఇవ్వడానికి వీలు లేదు. 2001 సవరణతోనే ఆ పరిమితి తొలగిపోయింది.

ఇక్కడ రెండు అంశాలు గమనార్హం. మొదటిది, చట్టం గీసిన గీత ఆకలి వద్ద ఉంది. ఆ గీతకు పైన ఉన్న జీవితంతో ఈ నిబంధనకు పెద్దగా ప్రమేయం లేదు. రెండవది, బకాయిల విషయంలో చట్టం విధించిన గడువు. భర్త సొమ్ము చెల్లించకపోతే, బకాయి ఏర్పడిన తేదీ నుంచి ఏడాది లోపల కోర్టుకు దరఖాస్తు చేసుకోవాలి. అంటే మనోవర్తి పొందే స్త్రీ సొమ్మును ఖర్చు చేయడమే కాక, రాని నెలలను కూడా లెక్కపెట్టుకుంటూ ఉండాలి. వృద్ధురాలి విషయంలో ఇది అదనపు ఖర్చు. కోర్టుకు వెళ్లిరావడానికి దారిఖర్చు, తోడు వచ్చే మనిషి, ఆ మనిషి పోగొట్టుకునే ఒక రోజు కూలి లేదా సెలవు అన్నీ ఆ సొమ్ములోంచే రావాలి.

3. 179 రూపాయల 20 పైసలు

మహమ్మద్ అహ్మద్ ఖాన్, షా బానో బేగం వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1985 ఏప్రిల్ 23న తీర్పు చెప్పింది. ఇందోరు నగరానికి చెందిన ఈ దంపతుల వివాహం 1932లో జరిగింది. వారికి ముగ్గురు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. వృత్తిరీత్యా న్యాయవాది అయిన భర్త 1975లో ఆమెను ఇంటి నుంచి వెళ్లగొట్టాడు. 1978 ఏప్రిల్‌లో ఆమె నెలకు 500 రూపాయల పోషణ కోరుతూ మేజిస్ట్రేటును ఆశ్రయించింది. అదే ఏడాది నవంబర్ 6న భర్త తలాక్ చెప్పాడు. అప్పటికి ఆమె వయసు అరవై దాటింది.

ఈ వ్యాజ్యం భారతీయ రాజకీయ చరిత్రలో వ్యక్తిగత చట్టం, ఉమ్మడి పౌరస్మృతి, మైనారిటీ హక్కులు, ఓటు రాజకీయాలు అనే శీర్షికల కింద నిలిచిపోయింది. జమాఖర్చు పఠనంలో ఇది మరో రూపంలో కనిపిస్తుంది. తీర్పులో ప్రస్తావనకు వచ్చిన మొత్తాలను వరుసగా పేర్చితే ఒక కథనం తయారవుతుంది. రెండేళ్ల పాటు నెలకు 200 రూపాయలు ఇచ్చానని, మెహర్ కింద 3,000 రూపాయలు కోర్టులో జమ చేశానని, కాబట్టి తన బాధ్యత తీరిందని భర్త వాదించాడు. భర్త సంపాదన ఏడాదికి సుమారు 60,000 రూపాయలని భార్య పక్షం చెప్పింది. 1979 ఆగస్టులో మేజిస్ట్రేటు ఆమెకు నెలకు 25 రూపాయలు మంజూరు చేశాడు. 1980 జులైలో మధ్యప్రదేశ్ హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలకు పెంచింది. సుప్రీంకోర్టు ఆ మొత్తాన్నే ఖాయం చేసింది.

భార్య పక్షం చెప్పిన ఆదాయమే నిజమనుకుంటే, భర్త నెల రాబడి 5,000 రూపాయలు. ఆమె కోరినది అందులో పదో వంతు. మేజిస్ట్రేటు ఇచ్చినది రెండువందల వంతు, అంటే రోజుకు 83 పైసలు. హైకోర్టు పెంచిన మొత్తం నాలుగు శాతం కన్నా తక్కువ. రోజుకు ఆరు రూపాయలు కూడా నిండలేదు. సుప్రీంకోర్టు 25 రూపాయల మంజూరును రాజోచితమైనదంటూ ఎత్తిపొడిచింది. ఆ వ్యంగ్యంలో నిజమైన ఆగ్రహం ఉంది. అయితే అదే తీర్పు 179 రూపాయల 20 పైసలు ఏ లెక్కన చాలుతాయో చెప్పలేదు. ఆమె ఎవరింట ఉంటోంది, అద్దె ఎంత, మందులకు ఎంత, పొయ్యి కింద ఏమి మండుతోంది అన్న వివరాలు అందులో లేవు. మొత్తం పైసల దాకా కచ్చితంగా ఉంది. ఆ మొత్తంతో గడవవలసిన నెల మాత్రం తీర్పు చదివిన వారికి కనబడదు.

తీర్పు చివరలో మరో అంకె ఉంది. భర్త ఆమెకు కోర్టు ఖర్చుల కింద 10,000 రూపాయలు చెల్లించాలని న్యాయస్థానం ఆదేశించింది. ఆమె మనోవర్తితో పోలిస్తే అది 55 నెలల పైచిలుకు. హక్కును నిలబెట్టుకోవడానికయ్యే ఖర్చుకూ ఆ హక్కు విలువకూ నడుమ ఎంత దూరముందో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి. పరిస్థితులు మారితే పెంపు కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చని కూడా న్యాయస్థానం పేర్కొంది. న్యాయపరంగా అది వెసులుబాటే. అరవై దాటిన స్త్రీ జీవితకాలంతో పోల్చి చూస్తే, 1978లో మొదలైన దారిలో మరోసారి మొదటి నుంచి నడవడమే.

తీర్పు తర్వాత దేశమంతటా రేగిన వివాదంలో ఈ మొత్తం పూర్తిగా మరుగున పడింది. 1985 నవంబర్‌లో ఆమె ఆ తీర్పును తాను వదులుకుంటున్నట్లు బహిరంగంగా ప్రకటించింది. 1986లో ముస్లిం మహిళల విడాకుల హక్కుల రక్షణ చట్టం వచ్చింది. 2001లో డానియల్ లతీఫీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని వ్యాఖ్యానిస్తూ, ఇద్దత్ గడువు లోపల చేయవలసిన న్యాయమైన ఏర్పాటు ఆ స్త్రీ భవిష్యత్తుకు కూడా వర్తించాలని చెప్పింది. నెలసరి పోషణకూ ముందుచూపుతో చేసే ఏర్పాటుకూ మధ్య ఉన్న ఈ భేదం వృద్ధ స్త్రీకి ముఖ్యమైనది. రోజులు గడపడం, రేపటికి సిద్ధపడటం రెండు వేరు వేరు స్థితులు. మొదటి దానిలో ఆమె ప్రతి నెలా అడిగే మనిషి. రెండవ దానిలో తన సొమ్మును తానే నడుపుకునే మనిషి.

4. భూమిగా మారిన మనోవర్తి

ఈ భేదాన్ని తెలుగు నేలపై నడిచిన మరో వ్యాజ్యం స్పష్టం చేస్తుంది. తులసమ్మ, శేషారెడ్డి వ్యాజ్యం నెల్లూరు జిల్లా మున్సిఫ్ కోర్టులో 1944లో మొదలైంది. 1931లో భర్తను కోల్పోయిన తులసమ్మ, ఉమ్మడి కుటుంబ ఆస్తి నుంచి మనోవర్తి కోరుతూ మరిదిపై దావా వేసింది. కోర్టు ఆమెకు అనుకూలంగా డిక్రీ ఇచ్చింది. 1949లో కుదిరిన రాజీ ప్రకారం మనోవర్తికి బదులుగా ఆమెకు కొంత ఆస్తి దక్కింది. దాన్ని జీవితాంతం అనుభవించవచ్చు గాని అన్యాక్రాంతం చేయరాదన్నది షరతు. 1960, 1961 సంవత్సరాల్లో ఆమె అందులో కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మింది. ఆ అమ్మకం చెల్లదంటూ మరో దావా మొదలై, 1977లో సుప్రీంకోర్టు వద్ద ముగిసింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఆమె ఆ ఆస్తికి సంపూర్ణ హక్కుదారు అని న్యాయస్థానం తేల్చింది. మనోవర్తి దయాధర్మం కాదని, ముందునుంచీ ఉన్న హక్కని, దానికి బదులుగా వచ్చిన ఆస్తిపై ఆంక్షలు నిలవవని తీర్పు సారాంశం.

తులసమ్మ వితంతువు, షా బానో విడాకులు పొందిన స్త్రీ. వర్తించిన చట్టాలు వేరు. కాబట్టి ఈ రెంటినీ సమానంగా తూచడం సరికాదు. అయితే ఇద్దరి జమాఖర్చుల స్వభావాన్ని పోల్చవచ్చు. ఒకరికి మనోవర్తి నేల రూపంలో దక్కింది. నేలను కౌలుకు ఇవ్వవచ్చు, అమ్మవచ్చు, ఇష్టమైన వారికి ఇవ్వవచ్చు. మరొకరికి మనోవర్తి నెలాఖరుకు కరిగిపోయే నగదు. దానితో పూట గడుస్తుంది గాని దేన్నీ నిర్ణయించే శక్తి రాదు. తులసమ్మపై రెండవ దావా ఆమె ఆస్తిని అనుభవించినందుకు పడలేదు. దాన్ని తన ఇష్టప్రకారం మరొకరికి అప్పగించినందుకు పడింది. స్త్రీ చేతిలో సొమ్ము ఉండటం కన్నా, ఆ సొమ్మును ఆమె ఎవరికి ఇస్తుందన్నదే కుటుంబాన్ని ఎక్కువగా కలవరపరుస్తుందని ఈ వ్యాజ్యం సూచిస్తోంది.

5. తెలుగు కథనాల్లో స్త్రీ, సొమ్ము

తెలుగు కథాసాహిత్యం తొలి దశలోనే ఇంటి ఖర్చు కథావస్తువైంది. భండారు అచ్చమాంబ 1902లో రాసిన 'ధనత్రయోదశి'లో చాలీచాలని సంపాదనతో నెట్టుకొచ్చే భర్త పండుగ ఖర్చు కోసం యజమాని సొమ్ము తెస్తాడు. భార్య ఆ సొమ్మును అంగీకరించక, తిరిగి ఇచ్చేలా చేస్తుంది. ఇంటి నైతికతకూ ఇంటి ఖర్చుకూ భార్యే కాపలాదారు. అయితే ఆమె కాపలా కాసే సొమ్ములో ఆమెది అన్న భాగం ప్రస్తావనకు రాదు. 'గృహలక్ష్మి' అనే పేరుతో 1928 నుంచి స్త్రీల పత్రిక వెలువడటం కూడా ఈ భావనా క్రమంలోనిదే. పొదుపు గృహిణి ధర్మంగా స్థిరపడింది. ఆదాయంపై అధికారం ఆ ధర్మంలో భాగం కాలేదు. పోపుల డబ్బాలో దాచిన చిల్లరను మన వ్యవహారం మెచ్చుకోలుగా చెబుతుంది గాని, అది దాచుకోవలసిన సొమ్ము ఎందుకైందో అడగదు.

స్త్రీవాద కథనాలు ఈ ధర్మాన్ని ప్రశ్నించాయి. రంగనాయకమ్మ 'జానకి విముక్తి', ఓల్గా 'స్వేచ్ఛ' నవలలు భర్త ఇంటిని విడిచిన స్త్రీకి నైతిక సమర్థనను బలంగా ఇచ్చాయి. మొదటి నవలలో స్త్రీ తన శ్రమపై తాను నిలబడాలన్న వాదం ముఖ్యం. 1987లో వచ్చిన రెండవ నవలలో నాయిక ఉద్యోగిని. రెండు చోట్లా బయటికి నడిచే స్త్రీ ముందు పని చేయగల వయసు ఉంది. ఈ నవలలు లేవనెత్తిన ప్రశ్న వివాహంలో ఉండాలా వద్దా అన్నది. దానికి అవి ఇచ్చిన సమాధానంలో రాబోయే ముప్పై ఏళ్ల సంపాదన అంతర్లీనంగా ఉంది. ఆ ముప్పై ఏళ్లు లేని స్త్రీకి ఇదే సమాధానం వర్తిస్తుందా అన్నది ఆ నవలల పరిధిలోకి రాలేదు.

అబ్బూరి ఛాయాదేవి 'తన మార్గం' ఈ ఖాళీకి దగ్గరగా వచ్చిన కథ. ఈ పేరుతో వెలువడిన సంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. భర్త మరణానంతరం పిల్లల పంచన చేరకుండా ఒంటరిగా జీవించాలని నిశ్చయించుకున్న వృద్ధ స్త్రీ ఇందులో కేంద్రపాత్ర. వృద్ధాప్యాన్ని త్యాగంగానో దైన్యంగానో చిత్రించే ధోరణికి ఈ కథ గట్టి ప్రత్యామ్నాయం. జమాఖర్చు పఠనంలో మాత్రం ఒక అంశం ముందుకు వస్తుంది. వైధవ్యం ఆమెను ఒంటరిని చేసింది గాని నిలువ నీడ లేని దాన్ని చేయలేదు. మరణించిన భర్త భార్యకు కుటుంబంలోనూ సమాజంలోనూ ఒక స్థానం మిగులుతుంది. విడిపోయిన భర్త బతికే ఉంటాడు. ఇల్లు ఆయన పేర ఉంటుంది. పిల్లలు ఇద్దరి మధ్యా తిరుగుతుంటారు. అదే మార్గాన్ని ఎంచుకోవాలనుకునే విడాకులు పొందిన స్త్రీ ముందుగా నిలువ నీడను వెతుక్కోవాలి.

6. అమ్మమ్మ ఖర్చు

మనవలను ఉద్దేశించి తెలుగులో 'అసలు కన్నా వడ్డీ ముద్దు' అనే సామెత ఉంది. మమకారాన్ని చెప్పడానికి లోకం లెక్కల భాషను ఎంచుకోవడం విశేషం. అమ్మమ్మ, నాయనమ్మ అన్నవి బంధువాచకాలే అయినా, మన కుటుంబ వ్యవస్థలో వాటికి తప్పనిసరి ఖర్చులున్నాయి. కూతురి తొలి కాన్పు పుట్టింట జరగడం ఆనవాయితీ. ఆసుపత్రి ఖర్చు, బాలింత పథ్యం, బారసాల, తిరిగి పంపేటప్పుడు సారె, పసిబిడ్డకు ఉయ్యాల, వెండి లేదా బంగారం పుట్టింటి వంతు. పెద్ద పండుగకు కూతురినీ అల్లుడినీ పిలవాలి, బట్టలు పెట్టాలి. మనవడి ఇంటికి వెళ్తే ఉత్త చేతులతో వెళ్లకూడదు. బయలుదేరే ముందు పిల్లల చేతిలో ఎంతో కొంత పెట్టాలి.

తల్లిదండ్రులు విడిపోయినప్పుడు కూతురికి పుట్టిల్లు ఏది అన్న ప్రశ్న వస్తుంది. ఇల్లు తండ్రి పేర ఉంటే పురుడు అక్కడ పోయాలా? పోసే చేతులు తల్లివి. ఆమె ఆ గడప తొక్కలేదు. తల్లి ఉంటున్న ఒంటిగది అద్దె ఇంటికి కాన్పుకు రావడం కూతురి అత్తవారికి సమ్మతమవుతుందా? ఈ ప్రశ్నలు ఏ మనోవర్తి దరఖాస్తులోనూ ఉండవు. పిల్లలు పెద్దవారై స్థిరపడిన తర్వాత విడిపోతే కుటుంబానికి పెద్ద నష్టం ఉండదన్న అభిప్రాయం సాధారణం. ఆ వయసులోనే కుటుంబం అమ్మమ్మ కేంద్రంగా నడుస్తుందన్న వాస్తవాన్ని ఈ అభిప్రాయం విస్మరిస్తుంది.

మరో పక్షం కూడా ఉంది. విడిపోయిన తల్లి కొడుకు ఇంటనో కూతురి ఇంటనో చేరినప్పుడు, మనవల పెంపకం ఆమె పనిగా మారుతుంది. హైదరాబాదులోనైనా, అమెరికాలోని తెలుగువారి ఇళ్లలోనైనా, తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే కుటుంబంలో ఈ పనికి డబ్బు విలువ ఉంది. బయటి మనిషిని పెట్టుకుంటే జీతమివ్వాలి. అమ్మమ్మ చేస్తే అది ప్రేమ ఖాతాలో పడుతుంది. ఆమెకు పెట్టే భోజనం, కొనే మందులు మాత్రం ఖర్చు ఖాతాలో కనిపిస్తాయి. ఒకే ఇంట్లో ఒకే మనిషి చేసిన పని జమలో పడక, ఆమె తిన్న తిండి ఖర్చులో పడటం ఈ జమాఖర్చులోని ప్రధాన అన్యాయం.

7. పత్రంలోని గడులు

ఇటీవలి న్యాయవ్యవస్థ నెలఖర్చును గుర్తించే దిశగా కొంత ముందుకు నడిచింది. రజనీష్, నేహా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2020 నవంబర్ 4న ఇచ్చిన తీర్పు, మనోవర్తి కేసుల్లో ఇరుపక్షాలూ తమ ఆస్తులు, అప్పులను వెల్లడిస్తూ ప్రమాణపత్రం దాఖలు చేయాలని నిర్దేశించింది. అద్దె, ఇంటి ఖర్చు, వైద్యం, ప్రయాణం వంటి నెలవారీ ఖర్చులను అందులో చూపాలి. ఆధారపడిన కుటుంబసభ్యుల వివరాలకూ చోటుంది. మనోవర్తి దరఖాస్తు చేసిన తేదీ నుంచే వర్తించాలని కూడా ఈ తీర్పు చెప్పింది. షా బానో తీర్పులో కనబడని నెల ఇక్కడ పట్టిక రూపంలో కనబడుతుంది. ఇది గణనీయమైన మార్పు.

అయినా పట్టికలోని గడులు ఒక నమూనా కుటుంబాన్ని ఊహించుకున్నాయి. ఆ కుటుంబంలో భార్య, భర్త, చదువుకునే పిల్లలు ఉంటారు. పురుటి ఖర్చుకు, సారెకు, మనవడి చేతిలో పెట్టే రూపాయికి ప్రత్యేకమైన గడి లేదు. జీతం లేకుండా చేసే పిల్లల పెంపకాన్ని రాబడిగా చూపే గడి అంతకన్నా లేదు. వృద్ధ స్త్రీ ఈ ఖర్చులను ఇంటి ఖర్చులో కలిపి రాయవచ్చు. అప్పుడు అది అతిశయోక్తిగా కనబడే ప్రమాదం ఉంది.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పిల్లలతో పాటు మైనారిటీ తీరిన మనవలపైనా పోషణ బాధ్యత పెట్టింది. నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితిని అది పేర్కొంది. ఇది అవసరమైన రక్షణే. అయితే ఇక్కడ అమ్మమ్మ మనవడిపై దరఖాస్తు పెట్టే మనిషిగా కనబడుతుంది. వైవాహిక జీవితంలో ఆమె పెట్టిన శ్రమ నుంచి రావలసిన వాటా ఈ చట్టం ప్రశ్న కాదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు నెలకు 1,000 రూపాయల పింఛను ప్రవేశపెట్టినప్పుడు, వితంతువు అనే వర్గానికి వెలుపల ఉన్న స్త్రీకి ప్రభుత్వ రికార్డుల్లో ఒక పేరు దొరికింది. భర్త చనిపోవడం వల్ల కాక, విడిపోవడం వల్ల ఒంటరి అయిన స్త్రీని గుర్తించిన ఆ పేరు సాహిత్య విమర్శకూ ఉపయోగపడే సూచన.

8. రెండు ఆక్షేపణలు

ఈ పఠనంపై రెండు ఆక్షేపణలు రావచ్చు. సాహిత్యాన్ని చిట్టా పుస్తకంగా చదవడం దాని అనుభూతిని కుదించడమే అన్నది మొదటిది. కథకుడు ప్రతి ఖర్చునూ రాయాలని ఈ వ్యాసం కోరడం లేదు. పాత్ర తీసుకున్న నిర్ణయం ఏ ఆధారంపై నిలిచిందో గుర్తించమని విమర్శకుడిని కోరుతోంది. ఆ ఆధారం పేర్కొనకపోతే, దానిని కలిగి ఉన్న వర్గానికి మాత్రమే సాధ్యమైన స్వేచ్ఛ స్త్రీలందరి స్వేచ్ఛగా పాఠకుడికి చేరుతుంది.

రెండవ ఆక్షేపణ బలమైనది. ఇవ్వగలగడాన్ని వృద్ధ స్త్రీ స్వేచ్ఛకు కొలమానం చేస్తే, త్యాగమయి అయిన అమ్మమ్మ బొమ్మనే మళ్లీ ప్రతిష్ఠించినట్లవుతుంది. సారె పెట్టడం, పురుడు పోయడం పితృస్వామ్యం స్త్రీపై మోపిన బాధ్యతలే. దీనికి సమాధానం ఇవ్వవలసి రావడానికీ ఇవ్వగలగడానికీ ఉన్న తేడాలో ఉంది. ఇవ్వగల స్థితిలో ఇవ్వకుండా ఉండే హక్కు కూడా ఇమిడి ఉంటుంది. చేతిలో సొమ్ము ఉండి సారె వద్దనుకున్న స్త్రీ ఒక ఆచారాన్ని తిరస్కరించినట్లు. సొమ్ము లేక మానుకున్న స్త్రీ చిన్నబోయినట్లు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాగే కనబడతాయి. వీటిని వేరు చేసి చూపడం విమర్శ బాధ్యత. 'తన మార్గం' వంటి కథలో వృద్ధ స్త్రీ చెప్పిన 'వద్దు'కు గౌరవం దక్కడానికి కారణం, ఆమె 'సరే' అనగల స్థితిలో ఉండి ఆ మాట చెప్పడమే.

9. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలకు రావచ్చు. షా బానో తీర్పు వృద్ధ స్త్రీ హక్కును నిలబెట్టి, ఆమె నెలను చూడకుండా వదిలింది. ఇక్కడ పరిశీలించిన స్త్రీవాద కథనాలు స్త్రీ నిర్ణయాన్ని నిలబెట్టి, ఆ నిర్ణయం తర్వాతి వృద్ధాప్యపు జమాఖర్చును వదిలాయి. తులసమ్మ వ్యాజ్యం ఈ రెంటికీ లేని కోణాన్ని అందిస్తుంది. పోషణ హక్కు ఆస్తిగా మారినప్పుడే స్త్రీ తన ఇష్టప్రకారం ఇచ్చే, ఇవ్వని మనిషి అవుతుంది.

దీని ఆధారంగా వృద్ధ స్త్రీ పాత్ర ఉన్న రచనను చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఆమె నిలిచిన నీడ ఎవరి పేర ఉంది? ఆమె చేసే పని ఎవరి ఖాతాలో జమ అవుతోంది? ఎవరినీ అడగకుండా ఆమె ఎవరికి ఏమి ఇవ్వగలదు? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెతకడానికి కథ, నవలలతో పాటు మరికొన్ని ఆధారాలు పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. జిల్లా కోర్టుల మనోవర్తి దస్త్రాలు, ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ నిర్వహించిన 'ప్రమదావనం' వంటి శీర్షికలు, ఇంటి పద్దు పుస్తకాలు, వృద్ధ స్త్రీల మౌఖిక కథనాలు అటువంటివి. వీటిని సాహిత్య పాఠ్యాలతో కలిపి చదివినప్పుడు, భర్త నుంచి విడిపోయిన అమ్మమ్మ సానుభూతికి పాత్రురాలిగా మిగిలిపోక, లెక్క అడగగల మనిషిగా విమర్శలో చోటు సంపాదించుకుంటుంది.